మునిగిన ఊరు – మిగిలిన ప్రశ్నలు

(వేములఘాట్ నిర్వాసిత కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ ముందు నిలబడి మాట్లాడమన్నప్పుడు మేము కొంత సంకోచించాం. ఊరు పోగొట్టుకున్నవారికి ఊరు గురించి చెప్పగల అర్హత బయటి నుంచి వచ్చిన వారికెవరికీ ఉండదు. మీరు పడ్డ కష్టాన్ని మీకే వివరించడం మా ఉద్దేశం కాదు. మా పత్రిక తరఫున ఈ కాలనీకి వచ్చిన ప్రతిసారీ మీరు మమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడిగారు. అవి పెద్ద పెద్ద సిద్ధాంతాల ప్రశ్నలు కావు. మేకను ఎక్కడ కట్టాలి, మైయత్ అయితే ఎక్కడికి తీసుకుపోవాలి, పెళ్లికాని బిడ్డ పేరు జాబితాలో ఎందుకు లేదు, రోగం మళ్లీ వస్తే ఈ గోడల మధ్య ఎట్లా బతకాలి – ఇటువంటివి. ఆ ప్రశ్నలకు మాకు తెలిసినంతలో, చట్టం చెప్పినంతలో, ధర్మం నేర్పినంతలో జవాబు వెతకడానికే ఈ నాలుగు మాటలు.

‘సుస్థిర జీవనం’ అనే మాట ఈ మధ్య అందరి నోటా వినబడుతున్నది. నగరాల్లో పెద్ద హోటళ్లలో దానిపై సదస్సులు జరుగుతున్నాయి. నీటిని పొదుపుగా వాడండి, చెట్లు పెంచండి, స్థానికంగా పండినదే తినండి, వస్తువును పారేయకుండా మళ్లీ వాడండి అని అక్కడ బోధిస్తారు. ఊరి పేరు వింటేనే వేపచెట్టు గుర్తుకొచ్చే వేములఘాట్‌లో ఈ బోధన ఎవరికి అవసరం? ఇంటి వెనుక పాదు, పాదుకు ఇంటి నీళ్లు, మిగిలిన అన్నం కోళ్లకు, పేడ చేనుకు, పాత చీర బొంతకు. మన పల్లెల్లో పేదరికం ఉన్నది, కులం ఉన్నది, అప్పు ఉన్నది. వాటిని దాచి పల్లెను స్వర్గమని మేము చెప్పబోము. కానీ వృథా మాత్రం లేదు. అటువంటి జీవనాన్ని నీటి అడుగుకు పంపిన తరువాత, దానిని నిలబెట్టుకొమ్మని ఎవరు ఎవరికి చెప్పాలి?

జరిగిన కథ

రేపు మన పిల్లలు చదువుకోవడానికైనా జరిగిన కథను క్లుప్తంగా నమోదు చేసుకుందాం. ప్రాణహిత–చేవెళ్ల పథకంలో తడ్కపల్లి వద్ద 1.5 టీఎంసీల చిన్న జలాశయంగా అనుకున్నది, కాళేశ్వరం పథకంగా రూపుమారిన తరువాత 50 టీఎంసీల మల్లన్నసాగర్ అయింది. తొగుట మండలంలోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్ వంటి ఊళ్లు, కొండపాక మండలంలోని ఎర్రవల్లి, సింగారం వంటి ఊళ్లు ముంపు జాబితాలోకి వచ్చాయి.

భూసేకరణకు 2013లో పార్లమెంటు చేసిన చట్టం అప్పటికే అమలులో ఉన్నది. దానిని పక్కనబెట్టి 2015 జూలై 30న రాష్ట్ర ప్రభుత్వం జి.ఓ. 123 తెచ్చింది. భూమిని సేకరించడం కాదు, రైతు నుంచి నేరుగా కొంటామన్నది దాని సారం. భూమి ఉన్నవాడు అమ్ముతాడు సరే, ఆ భూమి మీద కూలి చేసి బతికేవాడు ఏమి అమ్మాలి? ఆ జి.ఓ.లో వారికి చోటే లేదు. కూలీలే న్యాయస్థానం మెట్లెక్కారు. 2016 ఆగస్టు 3న హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జి.ఓ.ను కొట్టివేశారు. అంతకు కొద్ది రోజుల ముందు, జూలై 24న, రాజీవ్ రహదారి వైపు బయలుదేరిన ముంపు గ్రామాల ప్రజల మీద లాఠీలు విరిగాయి. ఆ తరువాత వ్యాజ్యాలు, కొత్త ఉత్తర్వులు, 2017లో రాష్ట్ర సవరణ చట్టం – ఇట్లా కథ ఎన్నో మలుపులు తిరిగింది. చుట్టుపక్కల ఊళ్లు ఒక్కొక్కటిగా సంతకాలు చేస్తున్నా, వేములఘాట్ మాత్రం వందల రోజులు రిలే నిరాహార దీక్షలు సాగించింది. ఆ దీక్షా శిబిరంలో హిందువులు, ముస్లింలు ఒకే చాప మీద కూర్చున్నారు. ఈ మాటను మేము ప్రత్యేకంగా చెబుతున్నాం. ఎందుకో ముందుకు పోయినకొద్దీ తెలుస్తుంది.

చివరకు ఊరు ఖాళీ అయింది. ఎప్పుడు? 2021లో, కరోనా రెండో ఉధృతిలో ఆసుపత్రుల్లో ఆక్సిజన్ దొరకని రోజులకు అటూ ఇటూగా. 2022 ఫిబ్రవరి 23న జలాశయాన్ని ప్రారంభించారు. 

‘ఇంట్లో ఉండండి’

2020 మార్చిలో దేశమంతటికీ మూడు ఆదేశాలు వచ్చాయి. ఇంట్లో ఉండండి. దూరం పాటించండి. చేతులు కడుక్కోండి. ఈ మూడూ మంచి మాటలే. అంటువ్యాధి ఉన్న చోటికి పోవద్దు, మీరున్న చోట అది వస్తే విడిచిపోవద్దు అన్నది పద్నాలుగు వందల ఏళ్ల కిందటే మన ప్రవక్త (స) చేసిన బోధన. సిరియా ప్రాంతంలో అమ్వాస్ మహమ్మారి చెలరేగినప్పుడు ఖలీఫా ఉమర్ (రజి) సహచరులతో సంప్రదించి దారి మధ్యలోనే వెనుదిరిగారు. కాబట్టి మసీదులు మూసి ఇంట్లో నమాజు చేసుకొమ్మన్నప్పుడు ముస్లిం సమాజం అత్యధికంగా ఆ మాట పాటించింది. ఆ ఏడు రంజాన్ తరావీహ్ ఇళ్లలోనే జరిగింది, ఈద్ నమాజు ఇళ్లలోనే జరిగింది.

అయితే ఆ మూడు ఆదేశాల్లో ఒక్కొక్కటీ ఒక్కొక్క ఆస్తిని ముందే ఊహించుకున్నది. ఇంట్లో ఉండండి అంటే ఇల్లు ఉండాలి. దూరం పాటించండి అంటే ఒకటికి మించి గదులుండాలి. చేతులు కడుక్కోండి అంటే నీళ్లుండాలి. ఇల్లు విడిచిపోవడానికి గడువు పెట్టిన మనిషికి, ఇల్లు విడిచి బయటికి రావద్దు అన్న ఆజ్ఞ ఎంత విడ్డూరంగా వినబడి ఉంటుందో మీకంటే బాగా ఎవరికి తెలుసు? ఒక చేత్తో తాళం వేసుకొమ్మని, మరో చేత్తో తాళం తీసుకొమ్మని చెప్పినట్లయింది. గుంపులు గూడవద్దన్న నిబంధన ఊరికి వర్తించింది; గ్రామసభ పెట్టుకుని మాట్లాడుకునే దారి మూసుకుపోయింది. లాక్‌డౌన్‌లో కోర్టుకు పోవాలన్నా, అధికారిని కలవాలన్నా, న్యాయవాదితో మాట్లాడాలన్నా బస్సు లేదు. యంత్రాలు మాత్రం ఆగలేదు.

ముస్లింలకు దానితో పాటు మరో భారం మోపబడింది. 2020 మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ ఉదంతాన్ని పట్టుకుని కొన్ని వార్తా ఛానళ్లు రోగానికి మతం అంటగట్టాయి. దేశంలో అనేక చోట్ల పండ్ల బండి వానిని పేరడిగి తరిమేశారు, కూరగాయలు కొనడం మానేశారు. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం తబ్లీగీ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని స్పష్టంగా రాసింది. తీర్పు వచ్చింది. కానీ ఏప్రిల్‌లో చెడిపోయిన బండెడు పండ్ల ధర ఆగస్టులో వచ్చిన తీర్పు తిరిగి ఇవ్వలేదు. దీక్షా శిబిరంలో ఒకే చాప మీద కూర్చున్న మాటను ఇందాక ప్రత్యేకంగా చెప్పింది ఇందుకే. విషం ఎక్కడ పనిచేయదో తెలుసుకోవాలంటే, మనుషులు కలిసి కష్టపడ్డ చోటును చూడాలి. ఊరు చెదిరితే పోయేది ఇళ్లు మాత్రమే కాదు, ఆ విరుగుడు కూడా పోతుంది.

మొదటి ప్రశ్న: తిండి, పని

లాక్‌డౌన్ మొదటి నెలలో రాష్ట్ర ప్రభుత్వం తెల్ల కార్డున్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. అది చాలామందిని ఆదుకున్నది. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే పల్లెలో ఆ బియ్యంతో పాటు పెరట్లో తోటకూర ఉన్నది, చింతచెట్టు ఉన్నది, పాడి ఉన్నది, అడిగితే చారెడు కందిపప్పు చేబదులిచ్చే పొరుగు ఉన్నది. బియ్యం ప్రభుత్వానిది, కూర ఊరిది. కాలనీలో ఉప్పు నుంచి కరివేపాకు దాకా కొనాలి. పరిహారం సొమ్ము రోజువారీ అంగడి ఖర్చులకే కరిగిపోతున్నదన్న మాట మేము ఈ వీధుల్లో పదే పదే విన్నాం.

ఇక పని సంగతి. తెలంగాణ ముస్లింల స్థితిగతులపై వేసిన సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. మన సమాజంలో భూమి లేనితనం ఎంత ఎక్కువో ఆ నివేదిక చూపింది. పల్లెటూరి ముస్లిం అంటే ఎవరు? బట్టలు కుట్టేవాడు, దూది ఏకేవాడు, మేకల బేరం చేసేవాడు, సైకిల్ మీద ఊరూరా తిరిగి అమ్ముకునేవాడు, మామిడి తోటనో చింతచెట్లనో సీతాఫలాలనో గుత్తకు పట్టి కాయ అమ్ముకునేవాడు. వీరి పేరు మీద పట్టా ఉండదు. చెట్టు పోతే చెట్టు యజమానికి పరిహారం లెక్క కడతారు. ఆ చెట్టును ఏళ్ల తరబడి గుత్తకు పట్టినవాడు ఏ లెక్కలోకి రావాలి?

దీనికి చట్టంలో జవాబు ఉన్నది. 2013 చట్టం మూడో సెక్షన్‌లో ‘బాధిత కుటుంబం’ అంటే భూమి పోయినవాడు మాత్రమే కాదని రాసి ఉన్నది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, ప్రధాన జీవనాధారం దెబ్బతిన్న వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, ఫలసాయం మీద హక్కున్నవారు, పాలికి చేసేవారు, చేతివృత్తులవారు అందరూ బాధిత కుటుంబాలే. రెండో షెడ్యూలులో చేతివృత్తివానికి, చిరు వ్యాపారికి కనీసం 25 వేల రూపాయల సాయం, పశువుల కొట్టం లేక చిన్న దుకాణం ఉన్నవానికి కనీసం 25 వేలు, ఇంకా ఏడాది పాటు నెలకు మూడు వేల జీవనభృతి, సామాను తరలింపుకు 50 వేలు, స్థిరపడడానికి మరో 50 వేలు, ఉద్యోగం ఇవ్వకపోతే ఐదు లక్షలు లేదా ఇరవై ఏళ్ల పాటు నెలకు కనీసం రెండు వేలు – ఇవన్నీ విడివిడిగా పేర్కొన్నారు. మీకు అందిన మొత్తంలో ఏది దేనికింద వచ్చిందో కాగితం అడిగే హక్కు మీకున్నది. మొత్తం ఇచ్చాం, సంతకం పెట్టమంటే సరిపోదు.

మరొక సంగతి. ఉపాధి హామీ పథకం గ్రామీణ ప్రాంతాలకే వర్తిస్తుంది. గ్రామ పంచాయతీగా ఉన్న ఊరిని తెచ్చి గజ్వేల్ పట్టణం పక్కన ముట్రాజ్‌పల్లి వద్ద కాలనీగా నిలిపినప్పుడు, అది పురపాలక పరిధిలోకి చేరితే ఆ పని హక్కు కూడా ఊరితో పాటే మునిగిపోతుంది. కరోనా ఏడాది పట్నాల నుంచి తిరిగివచ్చిన వారిని దేశమంతటా ఆదుకున్నది ఆ పనే. కాబట్టి పాలనాపరంగా మీరు ఏ పరిధిలో ఉంటారన్న విషయం దస్త్రాల సంగతి కాదు, అది కూటి సంగతి.

రెండో ప్రశ్న: నీళ్లు, పశువులు

ఊరు నీళ్ల కోసం పోయింది. నీళ్ల కోసం ఊరిచ్చినవారు కుళాయి ముందు వంతుకు నిలబడే పరిస్థితి ఏ దేశంలో వచ్చినా సిగ్గుచేటే. తాగునీరు, మురుగు కాలువలు, పశువుల మేత భూమి, పశువైద్యం, రెండు కిలోమీటర్లలోపు ఆరోగ్య ఉపకేంద్రం, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, ప్రతి 50 కుటుంబాలకు కూర్చుని మాట్లాడుకోవడానికి చెట్టు నీడన అరుగు – ఇవన్నీ చట్టం మూడో షెడ్యూలులో ఉన్నాయి. అరుగు సంగతి కూడా చట్టంలో ఉన్నదంటే కొందరు నవ్వారు. నవ్వవలసిన పని లేదు. ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరింట పొయ్యి వెలగలేదు, ఏ ముసలమ్మ ఒంటరిగా ఉన్నది అన్న సమాచారం సర్వేతో రాదు, అరుగు మీద వస్తుంది. మహమ్మారి కాలంలో ఆ సమాచారమే ప్రాణం కాపాడుతుంది.

మేకలు, కోళ్లు మన స్త్రీల బ్యాంకు. బిడ్డ ఫీజు కట్టాలంటే మేకను అమ్మేది, బక్రీదుకు రెండు పోతులను మేపి అమ్మి ఇంటి అప్పు తీర్చేది. వరుస ఇళ్ల మధ్య ఆ బ్యాంకు మూతపడింది. మేత భూమి చట్టపరమైన వసతి అయినప్పుడు, దానిని అడగడం దయ కోరడం కాదు.

ఇక మన చేతిలో ఉన్న పని. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసుకున్నా నీళ్లు వృథా చేయవద్దన్నది మన ప్రవక్త (స) బోధన. ఒక ముద్ నీటితో, అంటే లీటరు కన్నా తక్కువతో, ఆయన వుజూ చేసుకునేవారని హదీసుల్లో ఉన్నది. మన మసీదుల్లో కుళాయి తిప్పి విడిచి మాట్లాడుకుంటూ కడుక్కునే అలవాటు చూస్తే మనం ఎవరి ఉమ్మత్ అని సందేహం కలుగుతుంది. వుజూ నీటిలో సబ్బు ఉండదు. ఆ నీటిని మురుగులోకి విడవకుండా చిన్న కాలువ తీసి చెట్లకు పారిస్తే, ప్రార్థనా స్థలం చుట్టూ ఐదేళ్లలో నీడ నిలుస్తుంది. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమన్న ధర్మం మనది. ఊరు మునిగినవారి కంటే ఆ బోధన అర్థం ఎవరికి ఎక్కువ తెలుస్తుంది? ప్రతి ఇంటి ముందు ఒక మునగ, ఒక వేప, ఒక నిమ్మ. గోడ పక్కన పాత బకెట్లలో కొత్తిమీర, పుదీనా, పాలకూర. ఇది పోరాటానికి బదులు కాదు. పోరాడే మనిషి తినే కూర.

మూడో ప్రశ్న: జాబితాలో లేని మనుషులు

2021 జూన్‌లో ఈ ఊరి వృద్ధ రైతు ఒకరు కూల్చిన తన ఇంటి వద్దే ప్రాణం తీసుకున్నారు. ఒంటరివాడన్న కారణంతో కొత్త ఇల్లు దక్కలేదన్న దిగులు ఆయనను కుంగదీసిందని ఆనాటి పత్రికలు రాశాయి. ఆయన మన మతం వారు కారు. కానీ ఆయన ప్రశ్న మన ఇళ్లలోని విధవరాళ్ల ప్రశ్న, తలాకు పొందిన అక్కచెల్లెళ్ల ప్రశ్న, పెళ్లికాని బిడ్డల ప్రశ్న. కాబట్టి ఆయన మనవారే.

‘కుటుంబం’ అంటే చట్టం ఏమన్నది? మూడో సెక్షన్‌లోనే ఉన్నది: భర్త చనిపోయిన స్త్రీ, విడాకులు పొందిన స్త్రీ, కుటుంబం వదిలేసిన స్త్రీ ప్రత్యేక కుటుంబం. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి మనిషి, ఆడైనా మగైనా, భార్య లేక భర్త ఉన్నా లేకున్నా, పిల్లలున్నా లేకున్నా, ప్రత్యేక కుటుంబమే. చట్టం ఇంత స్పష్టంగా చెప్పిన చోట కాగితం మీద ఎవరి పేరైనా జారిపోయిందంటే, అది వారి ఖర్మ కాదు, పొరపాటు. పొరపాటు దిద్దవచ్చు.

ఇక్కడ మనల్ని మనమే ఒక మాట అనుకోవాలి. జాబితా రాసేటప్పుడు మన ఇళ్లలో కొందరు మగవారు కూతురి పేరు చెప్పలేదు. పరాయి ఇంటికి పోయేదే కదా అనుకున్నారు. తలాకు అయిన చెల్లెలి పేరు చెబితే పరువు పోతుందనుకున్నారు. వచ్చిన సొమ్ములో సగం కట్నాలకు, విందులకు, మోటారు బండ్లకు పోయింది. ప్రభుత్వం చేసిన అన్యాయాన్ని ప్రశ్నించే నోటితోనే ఇంట్లో జరిగిన అన్యాయాన్ని కూడా ప్రశ్నించగలగాలి. స్త్రీకి వారసత్వ వాటా ఇచ్చిన ధర్మాన్ని అనుసరించేవారు, చట్టం ఇచ్చిన వాటాను ఎట్లా దాచగలరు?

కరోనాతో చనిపోయినవారి కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం 2021లో సుప్రీంకోర్టు ఆదేశం తరువాత మొదలైంది. ఊరు మారుతున్న నెలల్లో చనిపోయినవారి విషయంలో మరణ పత్రం ఒక చోట, ఆధార్ చిరునామా ఒక చోట, రేషన్ కార్డు ఇంకొక చోట ఉంటే దరఖాస్తు ముందుకు కదలదు. అటువంటి కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మన యువకులు ఇంటింటికీ తిరిగి రాసుకోవాలి. ఇది ఒక వారం పని.

నాలుగో ప్రశ్న: మన్ను

అందరికంటే మెల్లగా అడిగిన ప్రశ్న ఇది. చనిపోతే ఎక్కడ?

శ్రీలంకలో 2020 ఏప్రిల్ నుంచి దాదాపు ఏడాది పాటు కరోనాతో చనిపోయిన వారందరినీ దహనం చేయాలని ప్రభుత్వం నిర్బంధించింది. ఖననం వల్ల ప్రమాదం ఉన్నదనడానికి శాస్త్రీయ ఆధారం లేదని చెప్పినా వినలేదు. 2021 ఫిబ్రవరి చివరలో గాని ఆ నిషేధం పోలేదు. ముంబైలో కూడా 2020 మార్చి చివర అటువంటి ఉత్తర్వు ఒకటి వెలువడి, వెంటనే వెనక్కు పోయింది. అదే సంవత్సరం మే నెలలో బొంబాయి హైకోర్టు, గౌరవంగా ఖననం కావడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు మొదటి నుంచీ ఖననాన్నీ దహనాన్నీ రెంటినీ అనుమతించాయి.

సూత్రం బాగున్నది. కానీ ఖననానికి మన్ను కావాలి. వివిధ సముదాయాలకు వారి వారి ఆచారం ప్రకారం శ్మశానం లేదా ఖబరస్తాన్ స్థలం పునరావాస కాలనీలో ఇవ్వాలని మూడో షెడ్యూలు చెబుతున్నది. ప్రార్థనా స్థలాలు కూడా అందులో ఉన్నాయి. ఖబరస్తాన్ లేని కాలనీలో మైయత్ లేస్తే, పక్క ఊరి పెద్దలను బతిమాలి ఆరడుగుల నేల అడుక్కోవలసి వస్తుంది. మామూలు రోజుల్లో వారు మనిషితనంతో ఇస్తారు. రోగభయం కమ్ముకున్న రోజుల్లో, వారి ఊరివారినే వారు రానివ్వని రోజుల్లో, ఆ మనిషితనం మీద ఎంత బరువు మోపగలం? కాబట్టి రేపటి మహమ్మారికి సిద్ధం కావడమంటే మాస్కులు, ఆక్సిజన్ సిలిండర్లు మాత్రమే కాదు. హద్దులు నాటిన, దస్త్రంలో ఎక్కిన ఖబరస్తాన్ కూడా. గుసుల్ ఇవ్వడానికి నీటి వసతి, చిన్న గది, శిక్షణ పొందిన నలుగురు స్త్రీలు, నలుగురు పురుషులు కూడా.

తాతల ఖబరులు నీటి కింద ఉన్నాయి. దానికి పరిహారం ఏ షెడ్యూలులోనూ లేదు. ఆ బాధకు జవాబు మా దగ్గర కూడా లేదు. దుఆ ఒక్కటే ఉన్నది.

వక్ఫ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1995 వక్ఫ్ చట్టం 91వ సెక్షన్ ప్రకారం, సేకరించే ఆస్తి వక్ఫ్‌దని తెలిసినప్పుడు తీర్పు ప్రకటించక ముందే వక్ఫ్ బోర్డుకు నోటీసు ఇవ్వాలి, బోర్డు తన వాదన వినిపించుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. కానీ దస్త్రంలో లేని ఆస్తికి నోటీసు ఎవరు ఇస్తారు? తెలంగాణ పల్లెల్లో మసీదులు, దర్గాలు, పీర్ల చావిళ్లు ఎన్నో నమ్మకం మీదే నడిచాయి, కాగితం మీద కాదు. పీర్ల చావిడి ముందు అలావా గుండం తవ్వేది ఒకరు, పీరును ఎత్తుకునేది ఇంకొకరు, కుడుకలు, బెల్లం, మలీద తెచ్చేది ఊరంతా. అది ఎవరి ఆస్తి అని ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు. రాసుకోనిది మునిగినప్పుడు లెక్కకు రాలేదు. రేపు ఏ పథకం కింద ఏ ఊరు పోతుందో తెలియదు. కాబట్టి ఈ పత్రిక చదివే ప్రతి ఊరి పెద్దకూ మా విన్నపం: మీ ఊరి మసీదు, ఖబరస్తాన్, ఆషూర్‌ఖానా సర్వే నంబర్లు, విస్తీర్ణం, హద్దులు, ఫొటోలు ఈ నెలలోనే రాసి పెట్టుకోండి. నమోదు కానివాటిని నమోదు చేయించండి.

ఏమి అడగాలి, ఏమి చేయాలి

2013 చట్టం 45వ సెక్షన్ కింద ప్రాజెక్టు స్థాయిలో పునరావాస కమిటీ ఉంటుంది. అందులో బాధిత ప్రాంత స్త్రీల ప్రతినిధి ఉంటారు, దళిత, గిరిజన ప్రతినిధులు ఉంటారు, స్వచ్ఛంద సంస్థ, బ్యాంకు, పంచాయతీల అధ్యక్షులు, ఎమ్మెల్యే, ఎంపీ ఉంటారు. అది మంచిదే, అవసరమే. మైనారిటీ ప్రతినిధి అన్న మాట మాత్రం అందులో లేదు. ఆ లోపమే ఖబరస్తాన్ ప్రశ్నను చివరి ప్రశ్నగా మార్చింది. మతపరమైన మైనారిటీలు నివసించే ముంపు ప్రాంతాల్లో వారి ప్రతినిధి ఒకరు ఈ కమిటీలో ఉండేట్లు సవరణ కావాలని మేము కోరుతున్నాం. స్త్రీల ప్రతినిధి స్థానంలో నిజంగా ముంపు ఊరి స్త్రీ కూర్చునేట్లు చూడాలని కూడా కోరుతున్నాం.

నీటిపారుదల పథకాల విషయంలో భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 38వ సెక్షన్ చెబుతున్నది. మహమ్మారి, తుపాను వంటి విపత్తులు ప్రకటించిన కాలంలో ఇళ్లు ఖాళీ చేయించడం పూర్తిగా ఆపాలన్న నిబంధన దానికి చేరాలి. ఇది కేవలం వేములఘాట్ కోసం కాదు. మనకు ముందు శ్రీశైలం నిర్వాసితులు ఉన్నారు. మన తరువాత ఇంకెవరో ఉంటారు.

అడిగేది అడుగుతూనే, మనం చేయవలసినవి నాలుగు. ఒకటి, హక్కుల జాబితా: ఎవరికి ఏది అందింది, ఏది అందలేదు, ఇంటింటికీ ఒక పుట. రెండు, కాలనీ స్థాయిలో బైతుల్ మాల్. జకాత్, ఫిత్రా సొమ్ము పట్నం మదరసాలకు పోయే ముందు పక్కింటి విధవరాలిని అడిగి పోవాలి. మహమ్మారి వచ్చిన మొదటి వారం ప్రభుత్వ బియ్యం రాకముందే పొయ్యి వెలిగించేది ఆ నిధే. అది మతం అడిగి పెట్టే అన్నం కాకూడదు. మూడు, ఆరోగ్యం: మసీదు మైకులో అజాన్ తరువాత టీకా తేదీ కూడా వినబడాలి, ఇమాం సాబ్, ఆశా కార్యకర్త ఒకరి నంబరు ఒకరి దగ్గర ఉంచుకోవాలి. నాలుగు, జ్ఞాపకం: ఊరి వీధులు, బావులు, చెట్లు, చావిడి, ఎవరి ఇల్లు ఎక్కడ ఉండేదో పెద్దలు చెబుతుండగా పిల్లల చేత పటం గీయించండి. అందులో అన్ని కులాల వాడలూ ఉండాలి. ఇప్పుడు గీయకపోతే పదేళ్ల తరువాత గీసేవారు ఉండరు.

మిత్రులారా, ఆ జలాశయం నీళ్లు ఎక్కడో ఒక రైతు చేనుకు చేరతాయి. ఆ రైతు మీద మనకు కోపం లేదు. అతని పంట పండాలి. కానీ ఆ పంటలో మన వాటా ఉన్నదని అతనికి తెలియాలి, పాలకులకు తెలియాలి. సుస్థిరత అంటే ఒకరి పొలం తడవడానికి ఇంకొకరి పొయ్యి ఆరిపోవడం కాదు. మహమ్మారి నేర్పిన పాఠం కూడా అదే: పక్కింటివాడు క్షేమంగా లేకుంటే మన ఇంటి తలుపు ఎంత గట్టిగా మూసినా మనం క్షేమంగా ఉండలేము.

 మీరు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికే జవాబు చెప్పగలిగాం. మిగిలినవి మాతో తీసుకుపోతున్నాం. కార్యాలయాల్లో, న్యాయస్థానాల్లో, మా పత్రిక పుటల్లో వాటిని అడుగుతూనే ఉంటాం. కోల్పోయిన నేలకు బదులు అల్లాహ్ మీ బిడ్డలకు నిలకడైన నీడను ప్రసాదించుగాక. ఆమీన్.